రెండు టార్చీలు, ఎంకటయ్య ఎలపట కన్ను

2007 జనవరిలో నన్ను గద్వాల నుంచి వనపర్తికి మార్చారు. హోదా అదే, ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్. మామూలు మాటల్లో చెప్పాలంటే కంటి డాక్టరుకు ముందు నడిచే మనిషి. ఊళ్ళకు పోయి కండ్లు చూడటం, అద్దాల నంబరు రాయటం, శుక్లం ఉన్నవాళ్ళను ఏరి ఆపరేషన్‌కు పంపటం మా పని. కత్తి పట్టే అధికారం మాకు లేదు. అయినా ఊళ్ళల్లో అందరూ డాక్టరమ్మ అనే పిలిచేవాళ్ళు. నేను డాక్టర్ను కాను అని మొదటి రెండేండ్లు ప్రతి ఒక్కరికీ చెప్పాను. తర్వాత విసుగొచ్చి మానేశాను.

మాకు పనంతా చలికాలంలోనే. ఎండల్లో కోయించుకుంటే పుండు మానదని మా పాలమూరు జనానికి గట్టి నమ్మకం. కందులూ వేరుశనగలూ ఇల్లు చేరాక మొదలుపెట్టి శివరాత్రి దాకా వారం వారం శిబిరాలు నడిచేవి. నాగర్‌కర్నూల్ వైపు మనుషులు తక్కువయ్యారని అచ్చంపేట దాకా నన్నే తోలేవాళ్ళు. శిబిరంలో ఒక్కొక్కరికీ ఒక చీటీ రాస్తాం. అందులో చివరి గడి ముఖ్యం: ఏ కన్ను, కుడిదా, ఎడమదా? ఆ గడి నింపి, ఆ వైపు కనుబొమ్మ మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటిస్తాం. బస్సెక్కి పెద్దాసుపత్రికి పోయేసరికి మనిషి పేరు కన్నా ఆ ప్లాస్టరే ముఖ్యం. అక్కడ సర్జన్ గారు మళ్ళీ చూస్తారు, నిజమే. కానీ ఒక్క పూటలో అంతమందిని చూడాల్సిన మనిషికి నా చీటీని నమ్మకపోతే పని సాగదు.

శిబిరంలో మా దగ్గర పెద్ద యంత్రాలేమీ ఉండవు. ఆరు మీటర్ల దూరంలో వేలాడదీసే పట్టిక ఒకటి, వేలెడు లావు పెన్ను టార్చి ఒకటి. ఊళ్ళల్లో టార్చిని బ్యాటరి అంటారు. ఆ బ్యాటరితో మూడు పనులు. పక్కనుంచి వేస్తే నల్లగుడ్డు అంచు నీడ శుక్లం మీద పడుతుంది. నీడ పడితే ఇంకా ముదరలేదని, పడకపోతే ముదిరిందని లెక్క. ఎదురుగా వేస్తే కంటిపాప చిన్నది కావాలి. అట్లా అయితే వెనక నరం బతికి ఉన్నట్టు. ఇక శుక్లం బాగా ముదిరి మనిషి ఆకారం కూడా తెలియని కంటికి మూడో పరీక్ష. చీకటి గదిలో రెండో కన్ను మూసి, టార్చిని పైనా కిందా కుడీ ఎడమా పెట్టి వెలుగు ఎటునుంచి వస్తుందో చెప్పమంటాం. నాలుగు దిక్కులూ సరిగ్గా చెబితే ఆపరేషన్‌తో చూపొస్తుంది. చెప్పలేకపోతే ఆ కన్ను కోసినా ఒకటే, కోయకపోయినా ఒకటే.

నాకు ఉద్యోగంలో ఇచ్చిన టార్చి పేరున్న కంపెనీది. సీలు వేసిన డబ్బాలో వచ్చింది. నల్లటి ఇత్తడి ఒళ్ళు, జేబుకు తగిలించుకునే క్లిప్పు. ఆ క్లిప్పు నొక్కితే పసుప్పచ్చటి చిన్న వెలుగు, వదిలితే ఆరిపోతుంది. ఆరేండ్లు వాడాను. సెల్లులు మార్చటం తప్ప దానికి ఏ సేవా చేయలేదు. కానీ వెలుగు తక్కువని, ముదిరిన శుక్లాలకు చాలటం లేదని ఆ ఏడు నాకు అనుమానం పట్టుకుంది. రెండోది కావాలని కాగితం పెట్టాను. కాగితం పోయిన దారి దానిదే.

ఈలోపు ఖాజా భాయ్ రంగంలోకి దిగాడు. ఖాజా మియా మా శిబిరాల్లో సహాయకుడు. గద్వాల మనిషి, నాకన్నా పదేండ్లు పెద్ద. కొండమీది కోతినైనా బేరమాడి తెస్తాడని పేరు. ఒక ఆదివారం ఇంటికి పోయి వచ్చి, నా టార్చి లాంటిదే ఇంకోటి తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. అదే నలుపు, అదే క్లిప్పు, అదే పేరు. రెండూ పక్కపక్కన పెట్టి కండ్లు మూసుకుని తెరిస్తే నాది ఏదో నాకే తెలియలేదు.

"అసల్ మాల్ మేడం. నాది జిమ్మేదారి," అన్నాడు.

పావు ధరకే అసలు సరుకు ఎట్లా వస్తుందని అడిగాను. దుకాణంవాడిని తనూ అదే అడిగాడట. మీ మేడం దగ్గరున్నది కంపెనీ ఒరిజినల్, ఇది చైనా ఒరిజినల్, రెండూ ఒరిజినలే అన్నాడట వాడు. ఖాజా భాయ్‌కి ఆ జవాబు చాలా బాగా నచ్చింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

సరే, ఏది ఏమిటో తేలుద్దామని ఇద్దరం కూర్చున్నాం. ముందు పేరు చూశాం. ఇంగ్లీషు పేరు, నా దాంట్లో ఒక అక్షరం ఒక్కసారే ఉంది, ఖాజా భాయ్ దాంట్లో అదే అక్షరం రెండుసార్లు ఉంది. ఏ స్పెల్లింగ్ సరైనదో మా ఇద్దరికీ తెల్వదు. రెండు అక్షరాలు ఉన్నదే పూర్తి పేరు, మీదాంట్లో ఒకటి మింగేసిండ్రు అని అతను వాదించాడు.  చేతిలో పెట్టి చూస్తే కొత్తది తేలిక. తేలికుంటే జేబు చిరగదు గద మేడం అన్నాడు. క్లిప్పు నొక్కితే కొత్తది టిక్కుమంటుంది, నాది అననే అనదు. దానికీ అతనే మురిసిపోయాడు. "సూడండి, నొక్కినట్టు తెలుస్తది. మీదానికి నోరే లేదు!"

చివరికి స్పిరిట్‌లో దూది ముంచి రెండింటినీ తుడిచాను. కండ్ల పని చేసేవాళ్ళకు తుడవటం రోజూ ఉండే అలవాటు. నా టార్చి మీద పేరు చెక్కుచెదరలేదు. కొత్తదాని పేరు సగం దూదికి అంటుకుని వచ్చింది. ఇప్పుడేమంటావు భాయ్ అన్నాను.

"గంత స్పిరిట్ పెట్టి రుద్దితే నా పేరు గూడ పోతది మేడం," అన్నాడు.

ఏది నకిలీయో తేలింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ గోడ మీద వేసి చూసేసరికి నాకు అయోమయం మొదలైంది. నా దాని వెలుగు పచ్చగా, రూపాయి బిళ్ళంత, గుండ్రంగా పడింది. నకిలీది తెల్లగా, కొంచెం నీలం కలిసి, పళ్ళెమంత పడింది. దాని ముందు నాది నూనె అయిపోయి ఆరిపోబోయే దీపంలా ఉంది. తర్వాతి వారం అచ్చంపేట శిబిరానికి రెండూ తీసుకుపోయి, రోజంతా నకిలీదే వాడాను. శుక్లాలు దూరం నుంచే కనిపించాయి. సాయంత్రానికి కూడా దాని వెలుగు తగ్గలేదు. సెల్లులు ఒకటే, పేరు ఒకటే, పని మాత్రం నకిలీదే ఎక్కువ చేస్తున్నది. ఇన్నేండ్లుగా నేను చూసిన కండ్లన్నీ సరిగ్గా చూశానా అని కూడా ఒక మూల బాధ పట్టుకుంది.

ఆ పై వారం పెద్దమందడిలో శిబిరం. పంచాయతీ ఆఫీసులో ఒక గది మాకిచ్చారు. కిటికీకి తలుపుల్లేవు, ఎవరో గొంగడి తెచ్చి అడ్డంగా కట్టారు. గొంగడి అంటే గొర్రె బొచ్చు కంబళి. దాన్ని దాటి వెలుగు రాదు, వాసన మాత్రం వదలదు. పొద్దున తొమ్మిదింటికే వరండా నిండిపోయింది.

అయిదో ఆరో మనిషిగా వచ్చాడు ఎంకటయ్య. అరవై దాటిన రైతు. రెండు కండ్లూ తెల్లగా పూసిపోయి ఉన్నాయి. కట్టె కొస ఒకటి ఆయన చేతిలో, ఇంకో కొస ముందు నడిచే భార్య బాలమ్మ చేతిలో. ఆయన కూర్చోకముందే ఆమె మొదలుపెట్టింది. ఊరి బయట చేను, చేన్లో బాయి, బాయికి గట్టు లేదు. చూపు లేకున్నా పొద్దున లేస్తే చేను కాడికి పోతా అంటాడట. పోయిన నెల బాయి అంచు దాకా పోయి, కట్టె కింద పడి నీళ్ళ చప్పుడు వస్తే అక్కడ ఆగాడట.

"ఈ మడిసి బయటికి పోతే నా పానం పానంల ఉండదు డాక్టరమ్మా. ఒక్క కన్నన్న తెప్పియ్యి," అన్నది.

మా నియమం ప్రకారం ఒకసారికి ఒక్క కన్నే కోస్తారు. రెండు కండ్లకూ శుక్లం ఉంటే ఎక్కువ ముదిరింది ముందు, వెనక నరం బతికుంటేనే. మొదటి కన్ను రాకపోతే రెండోదానికి మనిషి మళ్ళీ రాడు, ఊరూ రానివ్వదు. కాబట్టి ఎంకటయ్యకు ఆ గడిలో నేను పెట్టే టిక్కే మొదటిదీ, చివరిదీ.

ఆయన కుడికన్ను ముందు పోయింది. ఆరేండ్ల కింద ఎద్దు కొమ్ము తగిలి వాచి, కొన్నాళ్ళు తలనొప్పి పెట్టి, తర్వాత తెల్లబడింది. ఎడమది ఈ రెండేండ్లలో మెల్లగా పోయింది. కుడి శుక్లం ముత్యంలా ముదిరిపోయింది, ఎడమది ఇంకా కొంచెం పచ్చి. కుడి కంటిపాప శుక్లానికి అతుక్కుపోయి వెలుగుకు కదలటం లేదు. దెబ్బకు అతుక్కున్నదా, వెనక నరం చచ్చిందా, ఆ పరీక్షతో చెప్పలేం. ఇక మిగిలింది నాలుగు దిక్కుల పరీక్ష ఒక్కటే.

పాత అలవాటున నా పాత టార్చే తీశాను. ఎడమ కంటికి పెట్టి ఎటు దిక్కు కనబడుతుందో చెప్పు పెద్దయ్యా అన్నాను.

"దాపట," అన్నాడు. ఇటు మార్చాను. "ఎలపట."

కాడికి ఎడమన కట్టే ఎద్దు దాపటిది, కుడిన కట్టేది ఎలపటిది. జీవితమంతా నాగలి వెనక నడిచినవాళ్ళకు ఎడమా కుడీ అంటే అవే. పైన, కింద కూడా సరిగ్గా చెప్పాడు. ఎడమ కన్ను పాసు. కుడి కంటికి పెట్టాను.

"ఏం కనబడ్తలేదమ్మా," అన్నాడు. నాలుగు వైపులా అదే మాట.

ఎడమ గడిలో టిక్కు పెట్టబోయాను. ఆయన ఒప్పుకోలేదు. ఎలపటిది ముందు పోయింది, ముందు పోయింది ముందు రావాలె, వరుస వరుసనే గదా అన్నాడు. దాంట్లో వెలుగే తెలవటం లేదు, దాన్ని కోసి లాభం లేదు అన్నాను. మొహం ముడుచుకున్నాడు. అప్పుడు నాకు వారం నాటి అనుమానం మళ్ళీ గుచ్చింది. టార్చి వెలుగు చాలటం లేదేమో. ఇంత ముదిరిన శుక్లాన్ని దాటి పోవాలంటే ఈ పచ్చ వెలుగు సరిపోతుందా? ఖాజా భాయ్, అది ఇటివ్వు అన్నాను.

నకిలీది కుడి కంటికి పెట్టాను. టిక్కుమన్నది.

"దాపట," అన్నాడు ఎంకటయ్య.

నేను నోరు వెళ్ళబెట్టాను. కుడికి మార్చాను. ఎలపట అన్నాడు. పైన పెట్టాను, మీద అన్నాడు. గడ్డం కింద పెట్టాను, కింద అన్నాడు. ఖాజా భాయ్ చీకట్లోనే గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపులో నేను చెప్పలేదా అన్న మాటంతా ఉంది.

నేను అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. ఎడమ కన్ను మీద ఆయన అరచెయ్యి పెట్టుకున్నాడు, వేళ్ళ సందుల్లోంచి వెలుగు దూరిందేమో అనుకున్నాను. దూది మెత్త చేసి, ఎడమ కన్ను మూసి, అడ్డంగా ప్లాస్టర్ వేశాను. మళ్ళీ నకిలీది. నాలుగుకు నాలుగు సరి. మళ్ళీ నాది. ఏం కనబడ్తలేదు. సెల్లులు తీసి దీనివి దాంట్లో, దానివి దీంట్లో వేశాను. తేడా లేదు. వరుస మార్చి, ఒకే దిక్కు రెండుసార్లు పెట్టి చూశాను. నకిలీ టార్చితో ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు.  బయట వరండాలో జనం, అమ్మా పొద్దు పోతున్నది, ఒక్కడికే ఎన్ని సార్లు చూస్తవు అని లొల్లి పెడుతున్నారు.

ఒకే కన్ను, ఒకే మనిషి. ఒక టార్చి ఆ నరం చచ్చిందంటున్నది, ఇంకొకటి బతికే ఉందంటున్నది. అసలుదాన్ని నమ్మితే కుడి కన్ను ఎన్నటికీ చీకటే. నకిలీదాన్ని నమ్మితే నియమం ప్రకారం ఎక్కువ ముదిరిన కుడి కన్నే ముందు కొయ్యాలి. ఎవరినైనా అడుగుదామంటే ఆ గదిలో నాకన్నా పెద్ద చదువు చదివినవాళ్ళు లేరు. ఖాజా భాయ్‌ని అడిగితే అతను చెప్పే జవాబు నాకు ముందే తెలుసు.

ఆలోచించి చివరికి ఇట్లా తేల్చుకున్నాను. గట్టి వెలుగు శుక్లాన్ని దాటి పోతున్నది, మెత్తటి వెలుగు పోలేకపోతున్నది. పుస్తకం ప్రకారం కూడా తప్పు కాదు, ముదిరిన శుక్లానికి గట్టి వెలుగు వాడమనే ఉంటుంది. చీటీలో కుడి గడిలో టిక్కు పెట్టాను. కుడి కనుబొమ్మ మీద ప్లాస్టర్ అంటించాను. ఎంకటయ్య దాన్ని వేలితో తడుముకుని, ఇగ వరుస కుదిరింది అని నవ్వాడు. బాలమ్మ నాకు దండం పెట్టింది. ఆ దండం తీసుకున్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గే.

బస్సు నాలుగింటికి. రెండున్నరకు వరుస అయిపోయింది. అన్నం తింటున్నా, ఒకే కంటికి రెండు టార్చీలు రెండు మాటలు చెప్పటమే మనసులో మెదులుతున్నది. ఎంకటయ్యను మళ్ళీ పిలిపించాను. పిచ్చి పట్టిందా మేడం అన్నట్టు ఖాజా భాయ్ చూశాడు. నా కోపం సంగతి తెలిసినవాడు కాబట్టి పైకి అనలేదు.

గొంగడి మళ్ళీ కట్టించాను. ఎడమ కన్నుకు మెత్త వేశాను. నకిలీ టార్చి తీసుకుని ఆయన కుడివైపు పెట్టి క్లిప్పు నొక్కాను. టిక్కుమన్నది. వెలగలేదు.

తేలిక సరుకు కదా, లోపల రేకు జారినట్టుంది. ఒకసారి విదిలించి మళ్ళీ నొక్కుదామని చెయ్యి ఎత్తేలోపు, ఆ కటిక చీకట్లో ఎంకటయ్య చెప్పాడు.

"ఎలపట."

 చెయ్యి మెల్లగా ఎడమకు తీసుకుపోయి నొక్కాను. టిక్కు ఉంది, వెలుగు లేదు.

"దాపట."

పైన. "మీద." కింద. "కింద." ఒక్కటి తప్పలేదు. వెనకనుంచి ఖాజా భాయ్ యా అల్లా అన్నాడు.

గొంగడి పీకేశాను. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఏంది పెద్దయ్యా ఇది, నన్ను మోసం చేస్తవా, వెలుగే లేదు, చప్పుడు విని చెప్తున్నవా అని అరిచాను. వరండాలో బస్సు కోసం కూర్చున్నవాళ్ళ లొల్లి ఆగిపోయింది. బాలమ్మ బిత్తరపోయింది. ఎంకటయ్య మాత్రం నొచ్చుకోలేదు, అర్థం కాక అడిగాడు.

"ఎటు దిక్కు కనబడ్తది అని అడిగితివి. చెప్పిన. మోసమేముంది బిడ్డా?"

చప్పుడు కనబడుతుందా అన్నాను.

"మరి కనబడదా? వాన వచ్చుడు కనబడ్తది. బర్రె దూడ తాడు తెంపుకునుడు కనబడ్తది. మా ముసల్దానికి కోపమొచ్చుడు మాటకు ముందే కనబడ్తది."

"నాకు కోపమొచ్చుడు సూడనీకి కండ్లెందుకు నీకు," అన్నది బాలమ్మ, ఏడుపు గొంతుతోనే.

కనబడుడు వేరు, ఎరుకయ్యుడు వేరు పెద్దయ్యా అన్నాను. నా గొంతు అప్పటికే దిగిపోయింది.

"రెండేండ్లసంది రెండు ఒక్కటే అయినయ్ గద," అన్నాడు.

అప్పుడు నా మొహం మాడిపోయింది. ఆయన అబద్ధమాడలేదు. నేను అడిగిన మాటకు ఆయన దగ్గరున్న అర్థంతో జవాబు చెప్పాడు. నా పాత టార్చికి నోరు లేదు కాబట్టి ఆరేండ్లు నా ప్రశ్న తప్పని నాకు తెలియలేదు. టార్చి మారగానే నేను కంటికి బదులు చెవిని పరీక్షించి, పాసు చేసి, ప్లాస్టర్ కూడా అంటించాను.

కుడి కనుబొమ్మ మీది ప్లాస్టర్ తడిపి తీశాను. చీటీ చింపి కొత్తది రాశాను, ఎడమ గడిలో టిక్కు పెట్టాను. ఆ కుడి కన్ను ఇక రాదని, కోసినా రాదని ఇద్దరికీ నోటితో చెప్పాను. చీటీ రాసినవాళ్ళే ఆ మాటా చెప్పాలి. ఎంకటయ్య ప్లాస్టర్ ఊడిన కనుబొమ్మను తడుముకున్నాడు. తర్వాత ఎలపటెద్దు సచ్చిపోయినంక దాపటిదాంతోనే దున్నుకోవాలె మరి అన్నాడు. లేచి, తప్పు వైపు తిరిగి, గోడకు తగిలాడు. బాలమ్మ కట్టె కొస అందించింది.

ఆ రోజు నకిలీదాంతో చూసిన మిగతావాళ్ళను నా టార్చితో మళ్ళీ చూసి, నాలుగింటికి బస్సులో అందర్నీ ఎక్కించి, నేను అక్కడి ఫోను నుంచి సర్జన్ గారికి ఫోను చేశాను. జరిగింది దాచకుండా చెప్పాను. అచ్చంపేటలో కూడా నకిలీదే వాడాను సార్, అక్కడివాళ్ళలో ముదిరిన శుక్లాలకు నాలుగు దిక్కులూ దీంతోనే చూశాను అన్నాను.  అచ్చంపేటవాళ్ళ వంతు ఈ రోజే మొదలైంది, మిగిలిన చీటీలన్నీ ఆపుతా, మీరొచ్చి మళ్ళీ చూడండి అన్నారాయన. మర్నాడు పోయి చూశాను. ఆపరేషన్ కానివాళ్ళందరివీ సరిగ్గానే ఉన్నాయి. ఒకామెకు మాత్రం అంతకుముందు రోజే అయిపోయింది. కట్టు విప్పాక ఆమె కన్ను రాలేదు. లోపల పరదాకు, అంటే రెటీనాకు, వేరే జబ్బుండొచ్చు, ఏ టార్చితోనూ తెలిసేది కాదు అన్నారు సర్జన్ గారు. ఆయన నిజమే చెప్పారా, నా మొహం చూసి అన్నారా? ఇన్నేండ్లయినా నాకు తెల్వదు.

ఎంకటయ్య కట్టు విప్పే రోజు అక్కడే ఉన్నాను. మా పనిలో కట్టు విప్పేటప్పుడు మా అవసరం లేదు, అడిగి ఉన్నాను. సర్జన్ గారు కట్టు తీసి, మందు వేసి, పక్కకు జరిగారు. ఎంకటయ్య రెప్పలు కొట్టుకుంటూ ఎదురుగా చూస్తున్నాడు. ఎన్ని వేళ్ళు అని అడగలేదు నేను. ఎటు దిక్కు అని కూడా అడగలేదు. నా పాత టార్చి తీసి, మాట్లాడకుండా, కొంచెం పక్కగా పట్టుకుని క్లిప్పు నొక్కాను.

ఆయన తల అటు తిప్పాడు.

"పచ్చగున్నది," అన్నాడు.

జేబులోంచి నకిలీది తీసి నొక్కాను. టిక్కుమన్నది, ఆ రోజు వెలిగింది కూడా.

"గిది తెల్లగున్నది. గా సప్పుడు చేసేది గిదేనా?" అన్నాడు. తర్వాత రెండింటినీ మార్చి మార్చి చూసి, "రెండు ఒక్కతీర్గనే ఉన్నయ్ గదనే," అని భార్యకు చెప్పాడు. బాలమ్మ టార్చీలను చూడలేదు, ఆయన్నే చూస్తున్నది. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందే ఏడ్చాను. సర్జన్ గారు చూడనట్టు తర్వాతి మనిషి దగ్గరికి పోయారు.

ఈ సంగతి నుంచి నేను నేర్చుకున్నవి పనికి సంబంధించినవే. వెలుగు పరీక్షకు ముందు టార్చి బయటే వెలిగించి అరచేత్తో కప్పి తేవాలి. కంటి దగ్గర చెయ్యి తెరవాలి తప్ప క్లిప్పు నొక్కకూడదు. ఎటు దిక్కు అని ముందే అడగకూడదు, ఇప్పుడు వెలుగు ఉందా లేదా అని ముందు అడగాలి. నాలుగుసార్లలో ఒకసారి వెలుగు లేకుండా అడగాలి. నా తర్వాత వచ్చినవాళ్ళకు ఇదే నేర్పాను. పాత టార్చిని రిటైరైన రోజు ఆఫీసులో అప్పజెప్పి రసీదు తీసుకున్నాను. నకిలీది ఏ జాబితాలోనూ లేదు కాబట్టి నా దగ్గరే ఉండిపోయింది. ఎంకటయ్య కట్టు విప్పిన రోజే దాంట్లో సెల్లులు తీసేశాను, మళ్ళీ వెయ్యలేదు. రిటైరయ్యేదాకా ప్రతి శిబిరంలోనూ, చీకట్లో, ఎవరైనా నాలుగు దిక్కులూ సరిగ్గా చెప్పినప్పుడు, చీటీ మీద టిక్కు పెట్టేముందు దాన్ని కంటి పక్కన పెట్టి ఒకసారి నొక్కి చూసేదాన్ని.